సమ్మె టెంటులో వాల్వుల పాఠం

మొన్న శుక్రవారం పొద్దున దుకాణంలో కూర్చొని కాలిపోయిన మోటరు విప్పుతుంటే జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, అమ్మ పోయింది. తెల్లారేసరికి లేదు. నిద్రలనే పోయింది," అన్నది లైబ్రరీ మేడం కూతురు. ఏడ్చి ఏడ్చి నెమ్మదించిన గొంతు. నేను చేతికి అంటిన వార్నిష్ తుడుచుకొని, మా ఆయనకు చెప్పి, కోరుట్ల బస్టాండుకు నడిచాను.

వాళ్ల ఇంటి ముందు జనం బాగానే ఉన్నారు. చుట్టాలకంటే చదువరులు ఎక్కువ. పోలీసు పరీక్షలకు మేడం లైబ్రరీ రీడింగ్ హాల్లో కూర్చొని చదివినవాళ్లు, రోజూ పేపరు కోసం వచ్చిన పెద్దమనుషులు, ఇద్దరు ఆటో డ్రైవర్లు. అందరూ మేడం తమకు ఏ పుస్తకం ఇచ్చిందో చెప్పుకుంటున్నారు. ఒకాయనకు గొర్రెల రోగాల పుస్తకం వెతికి ఇచ్చిందట. ఆయన మంద బతికిందట. నా వంతు వచ్చినప్పుడు, "నాకు గిటారు ఆంప్లిఫయర్ బాగు చేసుడు నేర్పింది," అన్నాను. పక్కనున్న ఆయన నా వైపు అనుమానంగా చూశాడు.

"మేడంకు గా పని ఎప్పుడచ్చు?" అన్నాడు.

"రాదు. మేడంకు ఫ్యూజు వైరు మార్చుడు సుత రాదు," అన్నాను.

అది నిజం. ఆమెకు రాని పనిని నాకు ఎట్లా నేర్పిందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

నేను పుట్టింది రాయికల్‌లో. మా అమ్మ బీడీలు చేసి మమ్మల్ని సాకింది. పెళ్లయి కోరుట్లకు వచ్చాను. మా ఆయనకు మోటరు వైండింగు దుకాణం ఉంది. బావుల దగ్గర కాలిపోయిన మోటర్లు తెస్తారు, పాత తీగ తీసేసి కొత్త రాగితీగ చుట్టి ఇస్తాం. మొదట్లో అన్నం డబ్బా తీసుకొని పోయి ఊరికే కూర్చునేదాన్ని. తర్వాత కాయిలు చుట్టడం నేర్చుకున్నాను. ఇప్పుడు చుట్టే పని నాది, బిగించే పని ఆయనది.

ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తాను. మా పాస్టరమ్మ నేర్పింది. పెళ్లయిన కొత్తలో ఆ చర్చిలో ఒక నల్లటి పెట్టె ఉండేది. ఎన్నో ఏళ్ల కిందట పరిచర్య కోసం వచ్చిన ఒక అమెరికా ఆయన వదిలివెళ్లిన వాల్వుల ఆంప్లిఫయర్ అది. గిటారు వైరు దానికి తగిలించి స్విచ్ వేస్తే వెంటనే పలకదు. లోపలి గాజు వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి. ఆ తర్వాత మెల్లగా మీటితే నునుపుగా పలికేది, గట్టిగా మీటితే కొంచెం బొంగురుపోయేది, మనిషి గొంతులాగే. నేను దాంట్లో వాయించింది కొద్ది ఆదివారాలే. అది అమెరికా కరెంటుకు చేసిన పెట్టె, మన కరెంటు దానికి రెండింతలు. మధ్యలో ఒక చిన్న డబ్బా పెట్టి కరెంటు తగ్గించి ఇచ్చేవాళ్లు. ఒక పండుగనాడు ఎవరో ఆ డబ్బా తీసేసి నేరుగా ప్లగ్గు పెట్టారు. ఫ్యూజు పోయింది. దాని స్థానంలో లావుపాటి తీగ వేశారు. పొగ వచ్చింది. తర్వాత ఆ పెట్టె సామాన్ల గదిలో చాపల కింద చేరింది.

చాలా ఏళ్లకు, తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసిన రోజుల్లో, మా సంఘ పెద్ద దాన్ని పాత సామాన్ల బండికి వేద్దామన్నాడు. నేను బాగు చేస్తానని అడిగాను. ఆయన నమ్మలేదు కానీ కాదనలేదు.

"క్రిస్మస్ దాకా చూస్తం. కాకుంటె బండికి ఏసుడే," అన్నాడు.

మా ఆయన కూడా నమ్మలేదు. "విప్పుడైతె నీకచ్చు. మల్ల బిగించుడెట్ల?" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. పెట్టె వెనక పలక విప్పితే కాలిన ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే నాకు తెలిసిన ముఖం. మిగతావన్నీ కొత్త మనుషులు.

అట్లా నేను జగిత్యాల గ్రంథాలయానికి వెళ్లాను. మేడం బల్ల దగ్గర కూర్చొని పుస్తకాల వీపుల మీద నంబరు చీటీలు అంటిస్తున్నది. లావుగా, పొట్టిగా ఉండేది. జుట్టు సగం నెరిసింది. వేళ్లకు ఎప్పుడూ బంక.

"మేడం, వాల్వుల ఆంప్లిఫయర్ పుస్తకం ఉంటదా?" అని అడిగాను.

"వాల్వులంటె? గుండెల ఉంటయి, గవేనా?"

"కాదు మేడం. పాత రేడియోలల్ల ఉంటుండె, గాజు బుగ్గలు."

"నాకు గా సంగతి ఒక్క ముక్క తెల్వది, బిడ్డా," అని కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నది. "ఏం చదువుకున్నవ్?"

"ఇంటరు. తెలుగు మీడియం."

"ఏం పని చేతనైతది?"

ఏం చదివావని అందరూ అడుగుతారు. ఏం చేతనవుతుందని నన్ను అడిగింది ఆమె ఒక్కతే. "మోటర్లు చుడుత మేడం," అన్నాను.

"అయితె సగం అచ్చినట్టే. ఆ సగం ఏ పుస్తకంల దొరుకది. మిగిలిన సగం ఇద్దరం ఎతుకుదాం, తియ్యి."

వెనక గదిలో, ఎవరో రిటైరైన ఫిజిక్స్ లెక్చరరు ఇచ్చిపోయిన పుస్తకాల కుప్ప ఉంది. ఇద్దరం కింద కూర్చొని దుమ్ము దులిపాం. అందులో మిలిటరీ వాళ్లు తమ మెకానిక్కులకు పాఠం చెప్పడానికి అచ్చు వేసిన పాత వాల్వుల పుస్తకం ఒకటి దొరికింది. ఒక కంపెనీ వేసిన వాల్వుల పట్టికల పుస్తకం దొరికింది, ఏ వాల్వుకు ఎన్ని కాళ్లు, ఏ కాలికి ఎంత కరెంటు అని. గిటారు ఆంప్లిఫయర్ల మీదే రాసిన పుస్తకం మాత్రం లేదు. మేడం హైదరాబాదులో ఉన్న తమ్ముడి కొడుక్కి ఫోన్ చేసింది. అతను ఆదివారంనాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికి, అట్ట చిరిగిన పుస్తకం ఒకటి పంపాడు. దొరికిందని చెప్పినప్పుడు మేడం నాకంటే ఎక్కువ సంబరపడింది.

కొత్త పుస్తకం ముందు చదవాలని నా ఆత్రం. ఆమె ఇవ్వలేదు. ముందు తెలుగులో ఉన్న ఇంటరు ఫిజిక్స్ పుస్తకంలో కరెంటు పాఠాలు, ఆ తర్వాత మిలిటరీ పుస్తకం, అన్నిటికీ చివర గిటారు పుస్తకం. పట్టికల పుస్తకం చదివేది కాదు, చేతికి అందేచోట పెట్టుకునేది. ఎందుకట్లా అని అడిగితే చెప్పింది:

"పాత పుస్తకం రాసినోళ్లకు గా పని అప్పుడు కొత్తది. అందుకే నిమ్మలంగ, మొదటి నుంచి చెప్తరు. కొత్త పుస్తకమోళ్లు నీకు అన్ని తెలుసనుకోని మొదలువెడ్తరు."

ఆ మాట ఇప్పటికీ నిజం. ఎవరైనా ఈ పని నేర్చుకుంటామని నా దగ్గరకు వస్తే నేను ఆమె చెప్పిన వరుసే చెప్తాను.

పుస్తకాలన్నీ దొరికాయో లేదో తెలంగాణ కోసం ఉద్యోగులంతా సమ్మెలోకి వెళ్లారు. గ్రంథాలయానికి తాళం పడింది. బస్సులు ఆగిపోయాయి. బొగ్గు గనుల్లోనూ పని ఆగడంతో కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. మాకు మోటర్లు రావడం తగ్గింది. ఆ పుస్తకాలను నా ఒక్కదానికి ఇచ్చి ఊరుకుంటే నేను ముందుకు పోలేనని మేడంకు తెలుసు. నా ఇంగ్లీషు అంతంత మాత్రం. తాళం వేసే ముందే తన పేరు మీద రాసుకొని వాటిని సంచిలో పెట్టుకున్నది.

"నేను గడియారం టవర్ కాడ సమ్మె టెంటుల కూసుంట. నువ్వు గక్కడికే రా," అన్నది.

అట్లా నా చదువు దీక్షా శిబిరంలో సాగింది. దొరికిన ఆటో ఎక్కి కోరుట్ల నుంచి వచ్చేదాన్ని. ముందు వరుసలో మెడలో దండలతో ఆ రోజు నిరాహారదీక్ష వంతు వచ్చినవాళ్లు, వెనక వరుసలో మేము. మైకులో పాటలు, ఉపన్యాసాలు. మేడం వాక్యం ఇంగ్లీషులో మెల్లగా చదివేది, తెలుగులో చెప్పేది, నేను అర్థమైందో లేదో చెప్పేదాన్ని. చెప్పినదాంట్లో సగం ఆమెకే అర్థమయ్యేది కాదు. అది దాచుకునేది కాదు. "నేను మాట చెప్పిన. గా మాట ఎనక ఉన్న వస్తువు నువ్వు చెప్పు," అనేది. నేను ట్రాన్స్‌ఫార్మర్ గురించి, తీగ మందం గురించి చెప్తే, నోరు కొంచెం తెరిచి వినేది.

ఒకరోజు ఉద్యోగుల నాయకుడొకాయన వెనక్కి తిరిగి, "మేడం, గిది దీక్షనా, ట్యూషనా?" అన్నాడు.

"దీక్షల కూసున్నోళ్లు చదువద్దని ఏడ రాసున్నది సారూ?" అన్నది మేడం, తల ఎత్తకుండానే.

అదే రోజు మైకు సెట్టు ఆగిపోయింది. మేడం లేచి, "మా బిడ్డ చూస్తది," అని నన్ను ముందుకు తోసింది. నాకు అప్పటికి తెలిసింది ఎంత? మూత తీసి చూశాను, మళ్లీ మూత పెట్టాను. మైకు సెట్టు ఆయన వచ్చి బాగు చేసుకున్నాడు. నేను సిగ్గుతో వెనక వరుసకు వస్తుంటే మేడం నవ్వి, అందరికీ వినిపించేటట్టే చెప్పింది, "ఇంక మూడో పాఠంల ఉన్నది. ఏడో పాఠం అయినంక పిలువుండ్రి." తర్వాత ఎవరూ ఎగతాళి చేయలేదు. పైగా కొందరు ఎన్నో పాఠంలో ఉన్నావని అడిగేవాళ్లు.

అసలు మిలిటరీ పుస్తకంలో మొదట చదివించిన పాఠం వేరే. వాల్వుల ఆంప్లిఫయర్ లోపల కరెంటు మన ఇంటి కరెంటుకంటే చాలా ఎక్కువ ఉంటుంది. ప్లగ్గు తీసేసినా కెపాసిటర్లు అనే డబ్బీల్లో అది నిలిచి ఉంటుంది. దాన్ని దించకుండా చెయ్యి పెడితే ప్రాణం పోవచ్చు. ఆ అధ్యాయం మేడం మళ్లీ మళ్లీ చదివింది. నేను ముందుకు పోదామంటే పోనివ్వలేదు. "ముందు చావకుంట ఉండే పాఠం. మిగతయన్ని తర్వాత," అనేది. టెంటులో నాతో అప్పజెప్పించేది: ప్లగ్గు తియ్యాలి, కెపాసిటర్ల కరెంటు దించాలి, మీటరు పెట్టి చూడాలి, ఒక చెయ్యి జేబులో ఉంచుకోవాలి, రెండో చేత్తోనే ముట్టుకోవాలి.

"మేడం, చీరకు జేబు ఏడుంటది?" అన్నాను ఒకసారి.

ఆమె పుస్తకం మూసి ఆలోచించింది. "కొంగు వట్టుకో. ఎడమ చేత్తోని కొంగు నడుం కాడ గట్టిగ వట్టుకో," అన్నది.

ఇప్పటికీ కరెంటు ఉన్న పెట్టె ముందు నా ఎడమ చెయ్యి దానంతట అదే కొంగు పట్టుకుంటుంది.

మిలిటరీ పుస్తకం దాటి గిటారు పుస్తకంలోకి వచ్చేసరికి నా చదువు ఆగిపోయింది. ఒక దాంట్లో వాల్వు అని ఉంటే రెండో దాంట్లో ట్యూబు అని ఉంది. ఇక్కడ ఆనోడు, అక్కడ ప్లేటు. ఇక్కడ ఎర్తు, అక్కడ గ్రౌండు. రెండు రకాల యంత్రాలేమో, మొదటి పుస్తకం చదివిందంతా దండగేమో అనుకున్నాను. కళ్లనీళ్లు వచ్చాయి. ఇక నాతో కాదు, పెట్టెను బండికి వేసేయమని చెప్తానన్నాను.

మేడం రెండు పుస్తకాలనూ ఒళ్లో పక్కపక్కన పెట్టుకున్నది. బొమ్మ పక్కన బొమ్మ చూసింది. ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏ పుస్తకమైనా వెనక నుంచి తెరిచేది, చివర అక్షరాల వరుసలో మాటలు ఉంటాయి చూడండి, అక్కడి నుంచి. రెండింటి చివరి పేజీల్లో వేళ్లు పెట్టి, ముందుకూ వెనక్కూ తిప్పి, చాలాసేపు చూసింది. మైకులో ఎవరో, మన మాటను సినిమాల్లో ఎట్లా వెక్కిరిస్తారో చెప్తున్నారు. మేడం నా మోకాలి మీద తట్టింది.

"బిడ్డా, ఇగో సూడు. గీయన ఇంగ్లండోడు, గీయన అమెరికోడు. మనం ఉల్లిగడ్డ అంటం, అటు దిక్కోళ్లు ఉల్లిపాయ అంటరు. కూరల వడ్డంక రుచి ఒక్కటే. గంతే."

ముందు నేను నవ్వాను. తర్వాత ముందు వరుసలో ఎవరో విని ఇంకొకరికి చెప్పారు. చివరికి దండలు వేసుకున్నవాళ్లు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. ఆ సాయంత్రం రెండు పుస్తకాలూ ఇంటికి తీసుకుపోయి బొమ్మలు మళ్లీ చూసుకుంటే అంతా ఒకటే.

"పుస్తకం తెలుస్తలేదంటె తప్పు నీది కాదు. దాని పక్కన ఇంకో పుస్తకం పెట్టలేదన్నట్టు," అని తర్వాత చాలాసార్లు అనేది. నాకే కాదు, ఆ హాల్లో తల పట్టుకొని కూర్చున్న ప్రతివాళ్లకూ ఇదే చెప్పేదట. ఆ శుక్రవారం నలుగురి నోట విన్నాను.

ఇంకో రోజు గిటారు పుస్తకంలో ఒక బొమ్మ వచ్చింది. బాగు చేసిన పెట్టెకు మొదటిసారి నేరుగా కరెంటు ఇవ్వకుండా, మధ్యలో ఒక బల్బు పెట్టమని. లోపల తప్పుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, పెట్టె కాలిపోదు.

"మేడం, గిది మా దుకాణంలున్న సీరీస్ బోర్డే. మోటర్లకు రోజు వెడ్తం," అన్నాను.

ఆమె ఆ పేజీ మీద చెయ్యి పెట్టి నా వైపు చూసింది. "గంత దూరపోడు రాసిన పుస్తకంల మీ దుకాణం ఉన్నది సూడు," అన్నది. ఆ రోజు నేను ఆటోలో కూర్చొని కోరుట్ల దాకా నవ్వుకుంటూనే వచ్చాను.

వాల్వులు కావాలి. పాతవాటిలో రెండు పగిలాయి. సిరిసిల్లలో వెనకటి రేడియోల మెకానిక్ ఒకాయన ఉన్నాడని మా ఆయన కనుక్కొని వచ్చాడు. దీక్షలో వేరే ఆఫీసు వాళ్ల వంతు ఉన్న రోజు చూసి మేడం, నేను జగిత్యాల నుంచి జీపు ఎక్కాం. కొడిమ్యాల దాటాక మేడం కిటికీలోంచి ఒక పొలం వైపు చెయ్యి చూపించింది.

"అగో, గా బాయి కాడ్నె మా అన్న పోయిండు," అన్నది.

తర్వాత ఆమే చెప్పింది.

"నేను అప్పుడు పదో తరగతి. మోటరు నడుస్తలేదని స్టార్టరు డబ్బ మూత తీసిండు. మెయిన్ బంద్ చెయ్యలే. ఆ మూత మీద ఇంగ్లీషుల ఏందో రాసి ఉండె. ఇంట్ల ఎవలం చదువలే. పెద్దగయినంక పోయి చదివిన. మూత తీసేముందు మెయిన్ బంద్ చెయ్యాలె అని ఉన్నది. గంతే, బిడ్డా. ఒక్క లైను."

జీపు వేములవాడలో ఆగినప్పుడు ఆమె సీతాఫలాలు కొన్నది. బాగా పండినవి ఏరి నా ఒళ్లో వేసింది. "తిను, ఒట్టి కడుపుతోని వచ్చినవ్," అన్నది. అంతకుముందు ఆ చావకుండా ఉండే అధ్యాయాన్ని ఎందుకు అన్నిసార్లు చదివిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. చెప్పే అవసరం లేకపోయింది.

సిరిసిల్లలో ఆ రేడియోల మెకానిక్‌ను అందరూ చాచా అంటారు. ఆయన దుకాణం సాంచెల వీధిలో ఉంది. కరెంటు లేదు కాబట్టి సాంచెలు, అంటే మరమగ్గాలు, అన్నీ ఆగి, నేతపనివాళ్లు అరుగుల మీద కూర్చున్నారు. చాచా ఇనుప పెట్టె తెరిచాడు. ఒక్కో వాల్వునూ సాంచెల దగ్గర దొరికే నూలు చిక్కులో చుట్టి పెట్టుకున్నాడు. మేడం పట్టికల పుస్తకం చూసి, మాకు కావలసినవాటికి అమెరికా నంబరూ, యూరపు నంబరూ రెండూ చెప్పింది. చాచా మేడం వైపు చూసి, "మెకానిక్ మీరేనా అమ్మా?" అన్నాడు.

"కాదు. నేను చదివి చెప్పుడే. చేతులు గీమెవి," అన్నది మేడం.

చాచా నా చేతులు చూశాడు. రాగితీగ కోసిన గీతలు చూసి తల ఊపాడు. "అచ్ఛా. కరెంటు రానీ బేటీ, ఒక్కొక్కటి రేడియోల పెట్టి చూపిస్త. చూడకుంట ఇయ్య," అన్నాడు.

చాయ్ తాగుతూ కూర్చున్నాం. చాలాసేపటికి కరెంటు వచ్చింది. ఒక్కసారిగా వీధి వీధంతా సాంచెల మోత. అరుగుల మీదివాళ్లు లోపలికి పరుగెత్తారు. ఆ మోతలో చాచా పాత రేడియో మెల్లమెల్లగా వేడెక్కి, ఎక్కడిదో ఉర్దూ పాట అందుకున్నది. ఆయన చెవి దగ్గరగా పెట్టి విని, "జిందా హై," అన్నాడు. బతికే ఉంది అని. మేడం కూడా వంగి చెవి పెట్టి విన్నది.

తర్వాత పని నాది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ విప్పి, మన కరెంటుకు సరిపోయేలా కొత్తగా చుట్టాలి. ఎన్ని చుట్లు అనే లెక్క పుస్తకంలో ఉంది. మేడం ఒకసారి, నేనొకసారి చేశాం. ఇద్దరికీ వేరే వేరే వచ్చింది. ఆమె మళ్లీ చూసుకొని, "నాదే తప్పు. సున్న మింగిన," అన్నది. అంత తేలికగా తన తప్పు ఒప్పుకునే చదువుకున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు. నేను చుట్టాను. మా ఆయన పక్కన కూర్చొని, అడగకుండానే తీగ అందించాడు.

అంతా బిగించేసరికి సమ్మె ముగిసింది. గ్రంథాలయం తెరిచారు. పుస్తకాలు మేడం దగ్గరకు వెళ్లిపోయాయి. మొదటిసారి కరెంటు ఇచ్చిన మధ్యాహ్నం దుకాణంలో నేను, మా ఆయన ఇద్దరమే. సీరీస్ బల్బు ఒక్కసారి వెలిగి మెల్లగా తగ్గింది. మంచిదే. వాల్వులు ఎర్రబడ్డాయి. కానీ స్పీకరులో తేనెటీగల తుట్టె కదిలినట్టు ఒకటే బుయ్యిమనే మోత. మేడంకు ఫోన్ చేశాను.

"ఆగు, ఎనక సూస్త," అన్నది. కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినబడింది. హాల్లో ఎవరో గట్టిగా మాట్లాడితే ఊరుకోమన్నది. "ఇగో. ఏదో ఒక అతుకు వదులుంటదట. కట్టెపుల్లతోని ఒక్కో అతుకు మెల్లగ తట్టి సూడాలెనట. చైనోళ్లు అన్నం తినే పుల్ల మంచిదట."

"అది మా ఇంట్ల ఏడుంటది మేడం?"

"పప్పుగుత్తి లేదా?"

మా ఆయన ఇంటికి పోయి పప్పుగుత్తి తెచ్చాడు. ఎడమ చేత్తో కొంగు పట్టుకొని, కుడిచేత్తో గుత్తి కాడతో ఒక్కో అతుకూ తట్టాను. ఎర్తు తీగ దగ్గర మోత ఆగింది. ప్లగ్గు తీసి, కరెంటు దించి, మీటరు పెట్టి చూసి, ఆ అతుకు మళ్లీ వేశాను. గిటారు తగిలించి ఒక్క తీగ మీటాను. మా ఆయన లేచి పోయి, దుకాణంలో తిరుగుతున్న ఫ్యాను ఆపి వచ్చి కూర్చున్నాడు, ఇంకా బాగా వినడానికి. ఫోన్‌లో మేడం ఇంకా ఉంది. ఏమీ అనలేదు. హాల్లో చదువుకునేవాళ్లు ఉన్నారు కదా.

ఆ తర్వాత నేను ఎన్నో పెట్టెలు బాగు చేశాను, కొన్ని మొదటి నుంచి చేశాను. కరీంనగర్ నుంచీ హైదరాబాద్ నుంచీ గిటారు వాయించేవాళ్లు బస్సులో వేసి పంపుతారు. మోటర్లు ఎట్లాగూ ఉన్నాయి. రోజు గడవడానికీ, మనసు నిండడానికీ రెండూ సరిపోతున్నాయి. ప్రతి కొత్త పెట్టె పలికినప్పుడు మేడంకు ఫోన్ చేసేదాన్ని. ఏం కొత్త మాట నేర్చుకున్నావని అడిగేది. రిటైరయ్యాక కూడా అడిగింది. పోయిన నెలా అడిగింది.

మొదటి పెట్టె పలికిన సంవత్సరం క్రిస్మస్‌కు ఆమె కోరుట్ల వచ్చింది. చర్చిలోకి రావడం అదే మొదటిసారట. ఎక్కడ కూర్చోవాలో తెలియక వెనక చాప మీద, మా అమ్మ పక్కన కూర్చున్నది. మేము మూడు పాటలు పాడాం. సంఘ పెద్ద మైకులో నా పేరు చెప్పాడు. నేను మేడం వైపు చూపించబోతే ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది.

ఆరాధన అయ్యాక అందరూ భోజనాలకు బయటికి వెళ్లారు. నేను గిటారు సంచిలో పెట్టి, పెట్టె స్విచ్ తీద్దామని వెనక్కి వచ్చేసరికి మేడం అక్కడ ఉంది. చీర కుచ్చెళ్లు సర్దుకొని, పెట్టె వెనక నేల మీద మోకాళ్లు ఆనించి వంగి చూస్తున్నది. సిరిసిల్లలో రేడియోకు చెవి పెట్టి వినడమే కానీ, బొమ్మల్లో చూసినవాటిని ఇట్లా వెలుగుతుండగా చూడటం ఆమెకు అదే మొదలు.

"బంద్ చెయ్యకు. జరసేపుండనియ్యి," అన్నది.

నేను స్విచ్ మీద నుంచి చెయ్యి తీశాను. బయట వడ్డించే గరిటెల చప్పుడు, పిల్లల అరుపులు. లోపల ఎవరూ లేరు. ఆమె రెండు కళ్లద్దాల్లోనూ వాల్వుల నారింజ వెలుగులు చిన్నచిన్నగా వరుసలో నిలబడి ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. ఏ కాలికి ఏం పేరో ఒక్కొక్కటీ తనలో తానే చెప్పుకుంటున్నది.